మీటరు లైటు ఎందుకు కొట్టుకుంటోంది?
కరెంటు వాడకంపై ఈ నెల పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

నెలకు 200 యూనిట్ల దాకా ఉచితమిచ్చే గృహజ్యోతి పథకం కింద మాకు సున్నా బిల్లు వస్తుండేది. మార్చిలో 214 యూనిట్లు అయ్యేసరికి మొత్తం కట్టమన్నారు. ఇంట్లో ఏసీ కూడా లేదు. ఏది ఇంత కరెంటు తాగుతోందో తెలుసుకునేదెలా సార్? — ఒక గృహిణి, ఖమ్మం

ముందు ఆ 14 యూనిట్ల ఖరీదు చూడండి. తెలంగాణలో నెలకు 200 దాటితే రేటు మొదటి యూనిట్ నుంచే మారిపోతుంది. 200 దగ్గర ఆగితే మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80 చొప్పున 820 రూపాయలు. అదీ మీకు పథకంలో మాఫీ. 201వ యూనిట్ పడగానే మొత్తం 200 యూనిట్లకూ 5.10 లెక్కన 1020 అవుతుంది, పైన ఉన్నవాటికి 7.70. మీ 214కు ఎనర్జీ చార్జీ ఒక్కటే 1127.80. ఇతర చార్జీలు వేరే. అంటే మీరు తగ్గించాల్సింది నెలకు పదిహేను యూనిట్లు, రోజుకు అరయూనిట్.

ఆ అరయూనిట్ ఎక్కడుందో మీటరే చెబుతుంది. మీటరు మీద ఎర్రలైటు మినుకుమంటుంటుంది కదా, దాని పక్కన 3200 అనో 1600 అనో అంకె ఉంటుంది. ఒక యూనిట్ కాలితే లైటు అన్నిసార్లు కొట్టుకుంటుందని దాని అర్థం. ఫోన్‌లో ఒక నిమిషం టైమర్ పెట్టుకుని లైటు ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టండి. 3200 మీటరైతే ఆ లెక్కను 18.75తో, 1600 మీటరైతే 37.5తో గుణించండి. వచ్చినన్ని వాట్లు ఆ క్షణాన ఇంట్లో కాలుతున్నట్టు. 3200 మీటరు నిమిషానికి పది సార్లు మెరిస్తే 187 వాట్లు.

రాత్రి పదింటికి ఫ్యాన్లు, లైట్లు అన్నీ ఆపేయండి. ఫ్రిజ్ ప్లగ్ కూడా తీసేయండి. ఇప్పుడు మీటరు దాదాపు నిద్రపోవాలి. 3200 మీటరు ఇంకా నిమిషానికి రెండు మూడు సార్లు మెరుస్తుంటే యాభై వాట్ల దాకా ఏదో కాలుతోంది. ఇరవై నాలుగు గంటలూ అలా సాగితే నెలకు 36 యూనిట్లు. మీ సమస్య సగం అక్కడే దొరకవచ్చు. మొదట సెట్‌టాప్ బాక్సును పట్టుకోండి. రిమోట్‌తో ఆపినా చాలా బాక్సులు పది వాట్ల దాకా లాగుతూనే ఉంటాయి, నెలకు ఏడు యూనిట్లు. గోడ దగ్గర స్విచ్ తీస్తేనే ఆగుతుంది. రెండోది ఇన్వర్టర్ బ్యాటరీ. నాలుగైదేళ్లు దాటిన బ్యాటరీ ఎప్పటికీ నిండదు, చార్జరు దానికి కరెంటు పోస్తూనే ఉంటుంది. డిస్టిల్డ్ వాటరు తరచూ తగ్గిపోతున్నా, చేయి పెడితే బ్యాటరీ వెచ్చగా తగిలినా అదే గుర్తు.

ఫ్రిజ్ ఒక నిమిషం పరీక్షకు లొంగదు, కంప్రెసర్ ఆగి ఆగి నడుస్తుంది కాబట్టి. ఇంట్లో ఎవరూ లేని పూట ఫ్రిజ్ ఒక్కటే ఉంచి, నాలుగు గంటలకు మీటరులో రీడింగు ఎంత కదిలిందో చూసి ఆరుతో గుణిస్తే రోజు లెక్క వస్తుంది. రోజుకు ఒక యూనిట్ లోపు ఉంటే ఫర్వాలేదు. ఒకటిన్నర, రెండు వస్తోందంటే తలుపు రబ్బరు చూడండి. పది రూపాయల నోటు సగం లోపల, సగం బయట ఉండేలా తలుపు వేసి లాగండి. పట్టు లేకుండా జారి వచ్చిన చోట చల్లదనం బయటకు పోతున్నట్టే. వెనక గోడకు జానెడు ఎడం ఉంచండి. ఫ్రీజరులో ఐసు వేలి మందం పేరుకోకముందే డీఫ్రాస్ట్ చేయండి.

మరో మాట. ఇంటి మెయిన్ స్విచ్ దించేశాక కూడా లైటు మెరుస్తూనే ఉంటే ఆ తప్పు మీ ఇంట్లో సామాన్లది కాదు. మీటరులోనో, మీటరు నుంచి మెయిన్ దాకా ఉన్న వైరులోనో ఉంది. ఫోన్‌లో వీడియో తీసుకుని సెక్షన్ ఆఫీసులో మీటరు టెస్టింగుకు రాతపూర్వకంగా అడగండి.

ఇంట్లో బల్బులన్నీ ఎల్‌ఈడీలు చేశాం. బిల్లు మాత్రం కదల్లేదు. ఎల్‌ఈడీ ఆదా అంతా ప్రచారమేనా? — ఒక పాఠకుడు, తెనాలి

ప్రచారం కాదు. మీరు దేన్ని తీసి ఎల్‌ఈడీ పెట్టారన్నదే ప్రశ్న. అరవై వాట్ల పాత బుడ్డి బల్బు తీసి 9 వాట్లది పెడితే రోజుకు ఐదు గంటల వాడకానికి నెలకు ఏడున్నర యూనిట్లు తగ్గుతాయి. 14 వాట్ల సీఎఫ్ఎల్ తీసి పెడితే ముప్పావు యూనిట్, అంతే. 2015 జనవరిలో చవకగా ఎల్‌ఈడీలు పంచే ఉజాలా పథకం దేశమంతటికీ మొదలైనప్పుడు దాని గురి బుడ్డి బల్బు మీదే. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని జిల్లాలు అంతకు ముందే అందుకున్నాయి. ఆ పెద్ద ఆదా మీ ఇంట్లో సీఎఫ్ఎల్ పెట్టిన రోజే అయిపోయింది.

మీ జిల్లాలో ఏసీ లేని ఇంట్లో ఎక్కువ కాల్చేది ఫ్యాను. పాత సీలింగ్ ఫ్యాను ఫుల్‌లో 75 వాట్లు. రోజుకు 14 గంటలు తిరిగితే నెలకు 31 యూనిట్లు. తక్కువ కరెంటుతో నడిచే కొత్త రకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లు, 13 యూనిట్ల లోపు. ఒక్కో ఫ్యానుకు 19 యూనిట్లు మిగులుతాయి. ఈ 19 యూనిట్ల విలువ మీరు ఏ శ్లాబులో ఉన్నారన్న దాన్ని బట్టి మారుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 126 నుంచి 225 దాకా యూనిట్ ఆరు రూపాయలు, 226 నుంచి 400 దాకా 8.75. మిగిల్చే యూనిట్లు ఎప్పుడూ పై శ్లాబు నుంచే తెగుతాయి. నెలకు 260 కాల్చే ఇల్లు 225కు దిగితే వాడకం తగ్గేది 13 శాతం, ఎనర్జీ చార్జీ తగ్గేది 1323 నుంచి 1017కు, అంటే 23 శాతం. రెండు ఫ్యాన్లు మారిస్తే సరిగ్గా ఆ పని అవుతుంది.

మార్చేటప్పుడు ఎలక్ట్రీషియన్లు ఒక తప్పు చేస్తుంటారు. బీఎల్‌డీసీ ఫ్యానును పాత రెగ్యులేటర్ గుండా కలిపేస్తారు. స్పీడు తగ్గించగానే లోపలి సర్క్యూట్ బోర్డు పోతుంది. రెగ్యులేటర్ తీసేసి నేరుగా స్విచ్‌కే కలపమనండి. స్పీడు రిమోట్ చూసుకుంటుంది. పాత ఫ్యానే ఉంచుకుంటామంటే కనీసం పెట్టెలాంటి పాత రెగ్యులేటర్లు తీయించండి. అవి ఫ్యాను స్పీడు తగ్గించి ఆ మిగిలిన కరెంటును వేడిగా మారుస్తాయి. కాసేపటికి ముట్టుకుంటే చేతికే తెలుస్తుంది.

ప్లగ్‌లో పెడితే నలభై శాతం కరెంటు ఆదా చేస్తుందని ఒక చిన్న పెట్టె అమ్ముతున్నారు. కొనవచ్చా? — ఒక కిరాణా వ్యాపారి, నరసరావుపేట

కొనకండి. విప్పి చూస్తే లోపల చిన్న కెపాసిటరు, పచ్చలైటు వెలిగించే ముక్క, పైన మెరిసే ప్లాస్టిక్ డబ్బా. కెపాసిటరు పవర్ ఫ్యాక్టరును, అంటే లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చే వంతును, సరిచేయగలదు, నిజమే. అయితే ఇంటి మీటరు లెక్కించేది మోటారు నిజంగా చేసే పనికి పట్టిన యూనిట్లను. పవర్ ఫ్యాక్టర్ మెరుగైనా ఆ యూనిట్లు తగ్గవు. అమ్మేవాడు తీగకు తగిలించి కరెంటు కొలిచే క్లాంప్ మీటరు పెట్టి ఆంపియర్లు తగ్గడం చూపిస్తాడు, బిల్లు ఆంపియర్ల మీద రాదని చెప్పడు. పచ్చలైటు కాలినందుకు పైపెచ్చు కాస్త కరెంటు మీదే పడుతుంది. ఈ కెపాసిటరుకే సరైన చోటు ఒకటుంది. తర్వాతి ప్రశ్న దాని గురించే.

మాకు ఉచిత కరెంటు. 5 హెచ్‌పీ మోటారు. కెపాసిటరు పెట్టుకోమని లైన్‌మన్ అంటాడు, పెడితే మోటారు కాలుతుందని మెకానిక్ అంటాడు. బిల్లే లేనప్పుడు మాకెందుకు? — ఒక రైతు, జనగామ

మీకే కావాలి, బిల్లు కోసం కాదు, వోల్టేజీ కోసం.

కెపాసిటరు లేని 5 హెచ్‌పీ మోటారు పవర్ ఫ్యాక్టర్ 0.75 చుట్టుపక్కల ఉంటుంది. లైను నుంచి 8.6 ఆంపియర్లు లాగుతుంది. దానికి 2 కేవీఏఆర్ (కెపాసిటరు సైజు కొలత) కెపాసిటరు పెడితే పవర్ ఫ్యాక్టర్ 0.91కి వస్తుంది, లైను మీద 7.1 ఆంపియర్లే పడతాయి. తీగలో నష్టం ఆంపియర్ల వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మీ బోరు దాకా పోయే నష్టం మూడో వంతు తగ్గుతుంది. ఒక ట్రాన్స్‌ఫార్మర్ మీద పది మోటార్లుంటే పదిహేను ఆంపియర్ల భారం దిగుతుంది. కాలువ చివర పొలానికి నీళ్లు అందనట్టే లైను చివర బోరుకు వోల్టేజీ అందదు. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే మళ్లీ బిగించే దాకా ఎండేది అందరి పొలం.

మెకానిక్ భయానికీ కారణం లేకపోలేదు. తప్పుగా బిగిస్తే ఇబ్బంది వస్తుంది. కెపాసిటరు స్టార్టరు తర్వాత, మోటారు వైపు మూడు తీగలకు సమాంతరంగా ఉండాలి. స్టార్టరుకు ముందు కలిపితే మోటారు ఆగినా అది లైను మీదే ఉంటుంది. కరెంటు ఎక్కువైతే మోటారును ఆపే ఓవర్‌లోడ్ రిలే గుండా వెళ్లే కరెంటు ఇప్పుడు తగ్గింది కదా, రిలే సెట్టింగును కూడా ఆ మేరకు దించాలి. ఈ పని చాలామంది మరిచిపోతారు. అప్పుడు ఒక ఫేజు పోయి మోటారు వేడెక్కుతున్నా రిలే ఆలస్యంగా తెగుతుంది, మోటారు కాలుతుంది, నింద కెపాసిటరు మీద పడుతుంది. సైజు కూడా ముఖ్యం: 3 హెచ్‌పీకి 1, 5కి 2, 7.5కి 3, పదికి 4 కేవీఏఆర్. ఎక్కువ పెడితే ఎక్కువ మేలని అనుకోవద్దు. పని చేస్తోందో లేదో క్లాంప్ మీటరుతో తెలుస్తుంది. కెపాసిటరు కలిపినప్పుడు, తీసినప్పుడు లైను కరెంటులో ఒకటి ఒకటిన్నర ఆంపియర్ల తేడా రావాలి. డబ్బా ఉబ్బితే మార్చేయండి. కరెంటు తీసిన వెంటనే దాని కొనలు ముట్టుకోకండి, అందులో చార్జి కాసేపు నిలిచి ఉంటుంది.

ఉచిత విద్యుత్ అంటే షరతుల్లేని విద్యుత్ అని ఎప్పుడూ లేదు. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో ఉచితం మొదలయ్యాక విద్యుత్ నియంత్రణ మండలి టారిఫ్ (రేట్ల) ఉత్తర్వుల్లో నాలుగు షరతులు పెట్టింది: తగిన కెపాసిటరు, రాపిడి లేని ఫుట్‌వాల్వు, హెచ్‌డీపీఈ లేదా ఆర్పీవీసీ పైపు, ఐఎస్ఐ మార్కు పంపుసెట్టు. కాగితం మీద అవి ఇప్పటికీ మంచి షరతులే. ఊళ్లో ఎందరి దగ్గర నాలుగూ ఉన్నాయో మీరే లెక్కపెట్టి చూడండి. షరతు పెట్టి సామాను ఇవ్వకపోతే, ఇచ్చినా బిగింపు చూసే మనిషి లేకపోతే విధానం ఏదైనా ఇలాగే ఆగిపోతుంది.

ఆటో స్టార్టర్ ఉంటే తీసేయండి. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల సరఫరా వచ్చింది. అర్ధరాత్రి కరెంటుకు కాపలా కాసే రోజులకు పుట్టిన సాధనం అది. ఇప్పుడు కరెంటు పోయి రాగానే ఫీడరు మీద మోటార్లన్నీ ఒకేసారి లేస్తాయి. లేచే క్షణాన ఒక్కో మోటారు మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. దానికి తోడు మడి నిండినా నీళ్లు పారుతూనే ఉంటాయి, బోరులో మట్టం దిగుతూనే ఉంటుంది. మట్టం దిగిన కొద్దీ అదే నీటికి ఎక్కువ కరెంటు.

మేడ మీద రెండు గదుల ఇల్లు. రాత్రి పదకొండైనా ఫ్యాను వేడిగాలే కొడుతుంది. లోపల థర్మాకోల్ సీలింగ్ వేయించమంటున్నారు. ఏసీ కొనే స్తోమత లేదు. ఏం చేయాలి? — ఒక ఉపాధ్యాయుడు, అనంతపురం

ఈ శ్లాబు కరెంటు శ్లాబు కంటే మొండిది. పగలంతా ఎండ తాగిన నాలుగైదు అంగుళాల కాంక్రీటు ఆ వేడిని సాయంత్రం నుంచి గదిలోకి వదులుతుంది. ఫ్యాను ఆ వేడిని కిందికి తోస్తుంది. లోపల థర్మాకోల్ వేస్తే శ్లాబు వేడెక్కడం ఆగదు, మధ్యలో ఒక పొర అడ్డం వస్తుందంతే. పైగా థర్మాకోల్ నిప్పుకు త్వరగా అంటుకుంటుంది, వైర్లు పోయే చోట అది ప్రమాదం. ఎండను శ్లాబు మీదే తిప్పికొట్టడం చవక.

సున్నం చాలు. పది కిలోల సున్నాన్ని ముందు రోజు రాత్రి ఇరవై లీటర్ల నీటిలో నానబెట్టి, పొద్దున పల్చటి గుడ్డలో వడగట్టండి. రెండు కిలోల వైట్ సిమెంటు, అరకిలో పైన డీడీఎల్ బంక కలపండి. రంగుల కొట్టులో ఆ పేరు చెబితే ఇస్తారు. బంక లేకపోతే తొలి వానకే సున్నం కారిపోతుంది. మేడను ఇనుప బ్రష్షుతో రుద్ది, నాచు, దుమ్ము కడిగి, పగుళ్లు పూడ్చాకే వేయాలి. సగం మందికి సున్నం పెచ్చులూడేది ఈ కడుగుడు సరిగా లేకే. శ్లాబు తడిగా ఉండగా సాయంత్రం పూట ఒక కోటు, మర్నాడు సాయంత్రం అడ్డంగా రెండోది. మధ్యాహ్నం ఎండలో వేస్తే నీరు ఆవిరై పొడి పొడిగా రాలుతుంది. కళ్లకు అద్దాలు, చేతులకు తొడుగులు మరవద్దు.

గదిలో రెండు మూడు డిగ్రీలు తగ్గుతుందని ఆశించండి. పది తగ్గుతుందని చెప్పేవాళ్లను నమ్మకండి. దుమ్ము పట్టిన కొద్దీ తెలుపు పని తగ్గుతుంది కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో పక్షానికొకసారి కడగండి. వడియాలు, మిరపకాయలు ఎండబెట్టుకునే మేడైతే ఒక మూల వదిలేయండి. ఏటా ఫిబ్రవరి చివర మళ్లీ ఒక కోటు కావాలి. అది వద్దనుకుంటే కూల్ రూఫ్ పెయింటు ఉంది. నాలుగైదు రెట్లు ఖర్చు, నాలుగైదేళ్ల మన్నిక. సాయంత్రం ఆరు తర్వాత కిటికీలన్నీ తీసి ఒక కిటికీలో టేబుల్ ఫ్యానును బయటికి తిప్పి పెడితే లోపలి వేడి గాలి త్వరగా పోతుంది.

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టే ఇళ్లకు, ప్రభుత్వ, వాణిజ్య భవనాలన్నిటికీ చల్లటి పైకప్పు తప్పనిసరి చేసింది. చిన్న ఇళ్లకు ఇష్టాన్ని బట్టి. మా అభిప్రాయం అడిగితే, ఎండ ఎక్కువగా తగిలేది రేకుల ఇళ్లలో, ఒంటి శ్లాబు ఇళ్లలో ఉండేవాళ్లకు. విధానం మొదట చేయి చాపాల్సింది వాళ్లకు. రాయలసీమకు అలాంటి పథకం వస్తే సున్నం, బంక పంచినా చాలు.

ఏసీ 18లో పెట్టి గది చల్లబడ్డాక ఆపేస్తే ఆదానా, 26లో రాత్రంతా ఉంచితే ఆదానా? గ్యాస్ తగ్గిందని ఏటా ఎక్కిస్తున్నారు, నిజమేనా? — ఒక పాఠకురాలు, విజయవాడ

26, దానితో పాటు సీలింగ్ ఫ్యాను తక్కువ స్పీడులో. 18 పెడితే గది త్వరగా చల్లబడదు. మామూలు ఏసీ కంప్రెసరుకు ఒకటే వేగం, ఇన్వర్టర్ ఏసీ మొదట్లో ఎలాగూ ఫుల్ వేగంలోనే నడుస్తుంది. 18 అంటే ఎక్కడ ఆగాలో చెప్పడమే, మన ఎండల్లో అది ఆగే పరిస్థితి రాదు. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు మిగులుతుంది. అందుకే 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఉన్న ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ తప్పనిసరి చేసింది. జనం చేయి పెట్టి మార్చుకోవచ్చు, కానీ చాలామంది మార్చరు. చెప్పకుండా పని చేసే విధానం ఇలాంటిదే. మీ దగ్గర ఉక్క ఎక్కువ కాబట్టి 26లో చిరాకుగా అనిపిస్తే డ్రై మోడ్ వాడి చూడండి.

గ్యాస్ సంగతి: అది పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టంలో తిరుగుతూనే ఉంటుంది. ఏటా తగ్గుతోందంటే ఎక్కడో చిల్లు ఉంది. సబ్బు నురగ పెట్టి బుడగ చూపించి, అక్కడ అతికి, వాక్యూమ్ చేశాకే గ్యాస్ ఎక్కించమనండి. ఆ మాట అనగానే సగం మంది మెకానిక్‌లు ముందు ఫిల్టరు కడుగుతారు. చాలాసార్లు అసలు రోగం అదే.

నీళ్ల హీటరు, ఇండక్షన్ పొయ్యి: రెండిట్లో ఏది ఎక్కువ కాలుస్తుంది? సిలిండరు కంటే ఇండక్షన్ చవకేనా? — ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

ఒక బకెట్ స్నానానికి 18 లీటర్లను 25 నుంచి 40 డిగ్రీలకు తేవడానికి 0.31 యూనిట్ చాలు. నలుగురికి నెలకు 38. గీజరును రోజంతా ఆన్‌లో ఉంచితే దాని ఒంటి నుంచి పోయే వేడికి ఇంకొన్ని కలుస్తాయి. స్నానానికి పది నిమిషాల ముందు వేసి, థర్మోస్టాట్ 50 దగ్గర ఉంచండి.

సిలిండరులో 14.2 కిలోల గ్యాసు. పొయ్యి మీద గిన్నెకు చేరే వేడి, పక్కలకు పోయేది లెక్కవేస్తే ఒక సిలిండరు వంటకు ఇండక్షన్ మీద సుమారు 140 యూనిట్లు పడుతుంది. దాన్ని మీ పై శ్లాబు రేటుతో గుణించి సిలిండరు ధరతో పోల్చుకోండి. ఆరు రూపాయల శ్లాబులో 840. 8.75లో 1225, అప్పుడు గ్యాసే నయం. కందిపప్పు గంట నానబెట్టి కుక్కరులో పెట్టడం ఏ పొయ్యి మీదైనా లాభమే.

పగలు కరెంటు చవకగా, సాయంత్రం ఖరీదుగా ఇస్తారని విన్నాను. ఇళ్లకూ వస్తుందా? — ఒక ఉద్యోగి, హైదరాబాద్

కేంద్రం 2023 జూన్‌లో మార్చిన వినియోగదారుల హక్కుల నిబంధనల్లో ఉంది. సోలార్ ఎక్కువగా వచ్చే పగటి గంటల్లో రేటు మామూలు కంటే కనీసం 20 శాతం తక్కువ, వాడకం ఎక్కువగా ఉండే పీక్ గంటల్లో వాణిజ్య, పారిశ్రామిక వినియోగదారులకు కనీసం 20 శాతం, మిగతావారికి కనీసం పది శాతం ఎక్కువ ఉండాలి. పది కిలోవాట్లు దాటిన వాణిజ్య, పారిశ్రామిక వినియోగదారులకు 2024 ఏప్రిల్, వ్యవసాయం తప్ప మిగతా అందరికీ 2025 ఏప్రిల్ గడువుగా పెట్టారు. గంటలనూ రేట్లనూ ఖరారు చేయాల్సింది రాష్ట్ర నియంత్రణ మండలి. దానికి ఏ గంటకెంత వాడారో లెక్కించే స్మార్ట్ మీటరు కావాలి.

వస్తే మీరు జరపగలిగేవి మూడే: ట్యాంకు మోటారు, వాషింగ్ మెషీన్, ఇస్త్రీ. అపార్ట్‌మెంటైతే మోటారు ఒక్కటే పెద్ద లాభం. ఓవర్‌హెడ్ ట్యాంకు ఒక పూటకు సరిపడా ఉంటే సాయంత్రం ఏడింటికి మోటారు వేసే పని ఉండదు. వాచ్‌మన్‌కు టైమర్ స్విచ్ బిగించి ఇవ్వండి. రాత్రి ఏడింటికి అన్నం వండద్దని, ఫ్యాను వేయద్దని మాత్రం ఏ టారిఫూ చెప్పలేదు, చెప్పినా ఎవరూ వినరు. మండలి బహిరంగ విచారణలకు ఎవరైనా రాతపూర్వకంగా అభ్యంతరాలు పంపవచ్చు. మధ్యాహ్నం ఇంట్లో ఉండేవాళ్లకూ ఉండనివాళ్లకూ ఈ రేటు ఒకలా తగలదన్న సంగతి అక్కడ రాయండి.